ముంబై ఫోర్ట్, కాలా ఘోడా: అమ్మానాన్నలతో రెండు రోజులు పెట్టొచ్చా?

కోనసీమ_కొబ్బరి
జనవరిలో దాదర్‌లో మా దగ్గరి వాళ్ళ పెళ్ళి. శనివారం రాత్రి ముహూర్తం. తర్వాత ఆదివారం, సోమవారం ఖాళీ, సోమవారం రాత్రి తిరుగు రైలు. అమ్మ, నాన్న, పదో తరగతి చదివే మా పాప, మేమిద్దరం. నాన్న రిటైర్డ్ సోషల్ మాస్టారు, పాత కట్టడాలంటే ప్రాణం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. పాపకి ఫోన్ ఉంటే చాలు.

ఇంతకుముందు ఓసారి ఒక ఏజెంటు బస్సులో ముంబై తిరిగాం. అసలు బాధ అదే. ఫోర్ట్ ఏరియాలోకి రాగానే మైకులో "ఎడమ పక్క హైకోర్టు, కుడి పక్క మైదానం" అనడం, నాన్న కిటికీ వైపు తిరిగేలోపే బస్సు దాటిపోవడం. వీటీ (విక్టోరియా టెర్మినస్) రైల్వే స్టేషన్ దగ్గర అసలు ఆపలేదు, ట్రాఫిక్ అన్నాడు. సినిమా హీరోల ఇళ్ళ గేట్ల ముందు మాత్రం గంటసేపు నిలబెట్టాడు. గేట్లు బాగానే ఉన్నాయి లెండి.

ఈసారి ఫోర్ట్, కాలా ఘోడా, చర్చ్‌గేట్ మా అంతట మేమే నడిచి చూద్దామనుకుంటున్నా. మా బావమరిదేమో "అక్కడేముంది, బ్యాంకులూ ఆఫీసులే, ఎలిఫెంటా గుహలకు పోండి" అంటున్నాడు. రెండు రోజులకు సరిపడా సరుకు ఉందా? అమ్మ నడవగలదా?

బన్_మస్కా_భక్తుడు
ఉంది. బావమరిది మాట వినొద్దు.

నిజం_నిష్ఠూరం
బావమరిది చెప్పిందే కరెక్ట్. నేను అక్కడ ఉద్యోగం చేశాను. అవి బ్యాంకులూ ఆఫీసులే. నల్లబడ్డ రాళ్ళు, ఏసీ బాక్సులు వేలాడే కిటికీలు, బయట ఫుట్‌పాత్ మీద బెల్టులూ మొబైల్ కవర్లూ. ఒక పూట చాలు.

ప్లాన్_శాంక్షన్
@నిజం_నిష్ఠూరం రోజూ లోకల్ దిగి పరిగెత్తేవాళ్ళకు కనపడేది ఫుట్‌పాతే. తల పైకెత్తాలి. డి.ఎన్. (దాదాభాయ్ నౌరోజీ) రోడ్డులో మొదటి అంతస్తు పైనుంచే అసలు కథ మొదలవుతుంది.

నేను ఆర్కిటెక్చర్ చదివేటప్పుడు మా ప్రొఫెసర్ మమ్మల్ని ఓవల్ మైదానం మధ్యలో నిలబెట్టి, అటో పది నిమిషాలు, ఇటో పది నిమిషాలు ఊరికే చూడమన్నారు. తూర్పు వైపు హైకోర్టు, యూనివర్సిటీ, అందులోని రాజాబాయి గడియారం టవర్. అంతా 1870ల నాటి గోథిక్. మొనదేలిన కమానులు, శిఖరాలు, రాతి మీద జంతువులు. పడమర వైపు తిరిగితే 1930ల నాటి ఆర్ట్ డెకో అపార్ట్‌మెంట్లు. గుండ్రటి బాల్కనీలు, ఓడ డెక్కులా సాగే గీతలు, అలల డిజైను గ్రిల్సు. మధ్యలో క్రికెట్. అరవై ఏళ్ళ తేడా ఉన్న రెండు కాలాలు ఒక గ్రౌండుకి అటూ ఇటూ ఎదురెదురుగా నిలబడటం ఇంకెక్కడా నేను చూడలేదు. ఈ మొత్తానికే 2018లో యునెస్కో గుర్తింపు వచ్చింది, 94 భవనాలకు కలిపి.

టవర్ కట్టిన రోజుల్లో ఈ అపార్ట్‌మెంట్ల చోట నేలే లేదు. హైకోర్టు, యూనివర్సిటీ సముద్రం వైపు ముఖం పెట్టి ఉండేవి. తర్వాత సముద్రాన్ని పూడ్చి ఇళ్ళు కట్టారు. మీ నాన్నగారికి ఇది చెప్పి చూడండి, అక్కడి నుంచి కదలరు.

కోనసీమ_కొబ్బరి
@ప్లాన్_శాంక్షన్ కదలకపోతేనే మా టెన్షన్ అండీ. అమ్మకి కూర్చునే చోట్లు కూడా చెప్పండి.

సిగ్నల్_సుబ్బారావు
మీరు ఏ రైల్లో వస్తున్నారు? హైదరాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ అయితే తెల్లవారకముందే నేరుగా వీటీలో దింపుతుంది. ఇప్పుడు సీఎస్ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) అనాలి, నాకు పాత పేరే నోట్లో నానింది. టూరిస్టులు టాక్సీలో వచ్చి రోడ్డు అవతల నుంచి ఫొటో తీసుకుంటారు. రైల్లో వచ్చినవాడికి ఆ స్టేషనే ఇల్లు.

నేను రైల్వేలో చేశాను కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి. 1878లో పని మొదలుపెట్టి 1888లో ముగించారు. పదేళ్ళు. ఎఫ్.డబ్ల్యూ. స్టీవెన్స్ అనే ఇంజనీరు గీసిన డిజైను. ఖర్చు 16 లక్షల పైచిలుకు, ఆ రోజుల్లో. గేటు స్తంభాల మీద ఒక పక్క సింహం, ఇంకో పక్క పులి. సింహం బ్రిటన్‌కి, పులి ఇండియాకి గుర్తు. గుమ్మటం మీద నిలబడ్డ ఆడ విగ్రహం 'ప్రగతి'. గోడల మీద నెమళ్ళు, ఉడతలు, కోతులు, ఆకులు, తీగలు చెక్కింది ఎక్కువగా జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థులు, మన పిల్లలే. లోకల్ టికెట్ కౌంటర్లున్న హాలుని స్టార్ చాంబర్ అంటారు. రోజూ వేలమంది అక్కడ క్యూలో నిలబడి చిల్లర లెక్కపెట్టుకుంటారు గానీ పైకప్పు చూసేవాడు నూటికొక్కడు. పైన బంగారు రంగు నక్షత్రాలు ఉంటాయి, చూడండి.

2004లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అంటే పైన ప్లాన్ గారు చెప్పిన దానికి ఇది వేరే, ముందే వచ్చింది.

బన్_మస్కా_భక్తుడు
స్టేషన్ ఎదురుగా మున్సిపల్ కార్పొరేషన్ బిల్డింగ్ కూడా అదే స్టీవెన్స్ కట్టిందే, 1893. కొలాబా రీగల్ సినిమా హాలు కట్టింది వాళ్ళబ్బాయి చార్లెస్. నాన్న గోథిక్, కొడుకు ఆర్ట్ డెకో. ఇంట్లో ఎన్ని గొడవలయ్యాయో.

సిగ్నల్_సుబ్బారావు
హహ. 1933 కదా రీగల్. అప్పటికి తండ్రి పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది, గొడవకి అవకాశం లేదు.

మూసీ_ఒడ్డు
ఆదివారం పొద్దున్నే పోండి. ఆరున్నరకల్లా దిగండి. ఫోర్ట్ ఖాళీగా, కడిగిన ముత్యంలా ఉంటది. కార్లు లేవు, హార్న్లు లేవు, రోడ్డు మధ్యలో నిలబడి కూడా బిల్డింగులు చూడొచ్చు. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని సోమవారం పది గంటలకి చర్చ్‌గేట్ జనంలో పడేయకండి.

వర్లీ_వనిత
ఆదివారమా? ఆదివారం ఫోర్ట్ అంటే షట్టర్లు దించిన బజారు. ఎవరుంటారక్కడ? ఇరానీ హోటళ్ళు కొన్ని మూసేస్తారు, పుస్తకాల షాపులు సగం ఉండవు, ఖావ్ గల్లీలు (తిండి బండ్ల సందులు) ఖాళీ. నేను పుట్టింది, పెరిగింది ముంబైలోనే. ఫోర్ట్ చూడాలంటే పనిరోజున చూడాలి. మధ్యాహ్నం పదకొండు, పదకొండున్నరకి చర్చ్‌గేట్ స్టేషన్ బయట నిలబడండి. డబ్బావాలాలు తలమీద చెక్కపలకల నిండా క్యారేజీలు పెట్టుకుని దిగుతారు, ఫుట్‌పాత్ మీదే విడదీసి సైకిళ్ళకెక్కిస్తారు. ఖాళీ రోడ్డు చూడ్డానికి ముంబై దాకా ఎందుకు?

మూసీ_ఒడ్డు
అక్కా, వాళ్ళు కట్టడాలు చూడ్డానికి వస్తున్నరు, క్యారేజీలు చూడ్డానికి కాదు.

వర్లీ_వనిత
మనుషుల్లేని కట్టడం ఫొటోలో కూడా చూడొచ్చు తమ్ముడూ.

నిజం_నిష్ఠూరం
అయితే నా ఉద్యోగం కూడా టూరిజమే అన్నమాట. పదేళ్ళు ఫ్రీగా చూశా.

ప్లాన్_శాంక్షన్
ఇద్దరి మాటా పనికొచ్చేదే, ఎలాగూ వాళ్ళకు ఉన్నవి ఆదివారం, సోమవారమే. ఆదివారం ఉదయం బయటి నుంచి చూసేవన్నీ: వీటీ, డి.ఎన్. రోడ్డు, ఫ్లోరా ఫౌంటెన్, హార్నిమన్ సర్కిల్, ఓవల్. ఆదివారం ఓవల్‌లో నాలుగైదు క్రికెట్ మ్యాచులు ఒకదాని మీద ఒకటి జరుగుతుంటాయి. ఎవరి ఫీల్డరు ఎవరి వాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సోమవారం లోపలికెళ్ళేవి, తినేవి. ఒకటి గుర్తుంచుకోండి: నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కి సోమవారం సెలవు. ఎలిఫెంటా గుహలకూ సోమవారమే సెలవు.

కోనసీమ_కొబ్బరి
ఎలిఫెంటాకి సోమవారం సెలవా! ఈ ఒక్క ముక్క మా బావమరిదికి ఫార్వర్డ్ చేశా. రెండు టిక్కులు నీలంగా మారాయి, జవాబు మాత్రం లేదు.

సిగ్నల్_సుబ్బారావు
అమ్మగారి కోసం: డి.ఎన్. రోడ్డులో భవనాల కింద పొడవునా కమానుల వరండా ఉంటుంది. ఎండా వానా తగలకుండా నడవచ్చు. వీటీ నుంచి ఫ్లోరా ఫౌంటెన్ దాకా ఆ నీడలోనే వెళ్ళిపోవచ్చు, కిలోమీటరుకి అటూ ఇటూ. వస్తువులు అమ్మేవాళ్ళు సగం ఆక్రమించారన్నది నిజమే, కానీ ఆదివారం పొద్దున వాళ్ళు కూడా ఉండరు. హార్నిమన్ సర్కిల్ మధ్యలో పార్కు ఉంది, బెంచీలున్నాయి, పెద్ద పెద్ద చెట్లు. అక్కడ అరగంట కూర్చోబెట్టండి.

పెళ్ళిపందిరి
ఆ పార్కు ఎదురుగా తెల్ల స్తంభాల టౌన్ హాల్ ఉంటుంది కదా, ఏషియాటిక్ సొసైటీ. ఆ మెట్ల మీద ఎప్పుడు వెళ్ళినా ఎవరో ఒక జంట ప్రీ-వెడ్డింగ్ షూట్ చేస్తుంటారు. మేమూ చేశాం 🙈 ముప్ఫై మెట్లు, లెహంగాతో ఎక్కిదిగేసరికి పెళ్ళే వద్దనిపించింది.

ప్లాన్_శాంక్షన్
ఆ టౌన్ హాల్ 1833ది, ఈ గోథిక్ మోజు మొదలవక ముందుది. దాని ముందున్న మర్రిచెట్ల కిందే 1850ల్లో షేర్ బ్రోకర్లు కూడేవాళ్ళు. ఆ గుంపే తర్వాత 1875లో బొంబాయి స్టాక్ ఎక్స్చేంజి అయింది. ఇప్పుడు అది ఉన్న దలాల్ స్ట్రీట్ అక్కడికి నడిచిపోయేంత దూరమే. సర్కిల్‌లోనే సెయింట్ థామస్ కేథడ్రల్, 1718 నాటిది. లోపల పాలరాతి స్మారకాలు చూడటానికే గంట పడుతుంది. ఇరవై, పాతికేళ్ళకే జ్వరంతో పోయిన ఇంగ్లిష్ కుర్రాళ్ళ పేర్లు చాలా ఉంటాయి.

నిజం_నిష్ఠూరం
అదే నాకు నచ్చనిది. మనల్ని దోచుకుని కట్టుకున్న భవనాలు, వాళ్ళ సమాధి రాళ్ళు. మనం వెళ్ళి "అబ్బ ఎంత బావుందో" అని నోరెళ్ళబెట్టడం. దేనికి?

మూసీ_ఒడ్డు
ఈ ప్రశ్న మా దగ్గర కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ గురించి కూడా వస్తది. అట్లనుకుంటే చూడ్డానికి ఏం మిగలదు.

ప్లాన్_శాంక్షన్
@నిజం_నిష్ఠూరం దోపిడీ మాట కాదనను. కానీ ఈ ఫోర్ట్ విషయంలో లెక్క అంత సూటిగా లేదు. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయింది. ఇంగ్లండ్‌లో లాంకషైర్ బట్టల మిల్లులకు బొంబాయి పత్తే దిక్కయింది. నాలుగేళ్ళు ఈ ఊళ్ళో డబ్బు వరదలా పారింది. అదే సమయంలో గవర్నర్ బార్టిల్ ఫ్రేర్ పాత కోట గోడలు పడగొట్టించాడు, కొత్త భవనాలకు జాగా దొరికింది. అందుకే పేరు ఫోర్ట్ అయినా కోట కనపడదు. సెయింట్ జార్జ్ ఆసుపత్రి దగ్గర చిన్న ముక్క మిగిలింది, అంతే.

రాజాబాయి టవర్‌కి డబ్బిచ్చింది ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే పత్తి వ్యాపారి. తల్లి పేరు పెట్టమన్నాడు. ఆవిడకి చూపు లేదని, జైనులు కాబట్టి చీకటి పడకముందే భోజనం చేయాలి గనక గంటల మోత విని వేళ తెలుసుకునేదని చెబుతారు. డిజైను చేసిన జార్జ్ గిల్బర్ట్ స్కాట్ లండన్‌లో కూర్చునే గీశాడు, ఇండియాకి ఒక్కసారీ రాలేదు. ఎత్తు 280 అడుగులు. యూనివర్సిటీ కాన్వొకేషన్ హాల్‌కి కావస్‌జీ జెహంగీర్, కాలా ఘోడాలో ఆయన పేరుతోనే ఉన్న లైబ్రరీకి డేవిడ్ ససూన్. ఇలా పార్సీలు, యూదులు, గుజరాతీలు ఇచ్చిన డబ్బు చాలా ఉంది.

నిజం_నిష్ఠూరం
ససూన్ డబ్బు నల్లమందు డబ్బు. చైనాకి నల్లమందు అమ్మి సంపాదించింది. అది కూడా చెప్పండి మాస్టారికి.

ప్లాన్_శాంక్షన్
చెప్పాలి, తప్పకుండా. ససూన్ ఒక్కడే కాదు, ఆనాటి బొంబాయి పెద్ద దాతల్లో చాలామంది చేతులకు ఆ మరక ఉంది. భవనం బావుందనడానికి, కట్టినవాడు మంచివాడనడానికి సంబంధం లేదు కదా.

వర్లీ_వనిత
డబ్బిచ్చినవాళ్ళ పేర్లు, గీసినవాళ్ళ పేర్లు చెప్పారు. రాళ్ళు మోసినవాళ్ళ సంగతి నేను చెబుతా.

నిజాం ఇలాకా నుంచి, అంటే ఇప్పటి తెలంగాణ నుంచి కామాఠీలు కట్టుబడి పనికి ఈ ఊరికి వచ్చారు. వాళ్ళు ఉన్న చోటే కామాఠిపుర. ఇప్పుడు ఆ పేరు చెబితే జనం ముఖం ఇంకోలా పెడతారు గానీ అది మొదట మన తెలుగు కూలీల, మేస్త్రీల బస్తీ. ఈ ఊళ్ళో ఇళ్ళూ రోడ్లూ వాళ్ళ చేతుల మీద లేచాయి. మా తాత వాళ్ళు పద్మశాలీలు, సిరిసిల్ల వైపు నుంచి మిల్లు పనికి వర్లీ వచ్చారు, అది తర్వాతి సంగతి. మా నానమ్మ వీటీ ముందు నుంచి బస్సులో వెళ్ళినప్పుడల్లా "మనోళ్ళు కట్టిండ్రు" అనేది. ఆవిడ ఏ రిజిస్టరూ చూసి చెప్పలేదు, నేనూ చూడలేదు. కానీ ఆ బిల్డింగుల ముందు నిలబడి నోరెళ్ళబెట్టడానికి నాకు సిగ్గేం లేదు.

మూసీ_ఒడ్డు
అక్కా 🙏 ఆదివారం సంగతి వదిలేస్తున్న.

వర్లీ_వనిత
నేను వదలను. సోమవారమే.

నిజం_నిష్ఠూరం
@వర్లీ_వనిత సరే, ఇది నాకు తెలీదు. కామాఠిపుర కథ ఇంకొంచెం రాయండి, వేరే థ్రెడ్ మొదలుపెట్టినా సరే.

చీపురుపల్లి_చిన్నోడు
అన్నా ఇవన్నీ సరే, పదో తరగతి పాప ఏం చేస్తుంది? నేనైతే ఆ వయసులో పారిపోయేవాడిని.

పెళ్ళిపందిరి
పాపని కాలా ఘోడా తీసుకెళ్ళండి. అక్కడ రీల్సే రీల్సు. లేత నీలం రంగు సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ఉంటుంది, కెనెసెత్ ఎలియాహూ, 1884ది. కొన్నేళ్ళ కిందటే బాగుచేశారు. ఆ నీలం ముందు ఎవరు నిలబడ్డా ఫొటో బావుంటుంది. లోపలికెళ్ళాలంటే ఐడీ అడుగుతారు, ఆధార్ పెట్టుకోండి. ఆ సందుల్లో కేఫ్‌లు, బట్టల షాపులు. కాఫీ ధర చూసి మీ నాన్నగారికి చెప్పకండి.

ప్లాన్_శాంక్షన్
హైకోర్టు గోడల మీద జంతువుల్ని వెతికే పని పాపకివ్వండి. ఒక కంటికి గంతలు కట్టుకుని త్రాసు పట్టుకున్న కోతి ఉంది. కాంట్రాక్టు గొడవలో ఓడిపోయిన ఎవరో కోపంతో చెక్కించారని కథ. నిజమో కాదో గానీ కోర్టు గోడ మీదే ఆ కోతి 1878 నుంచి కూర్చుంది.

చీపురుపల్లి_చిన్నోడు
కోర్టు ధిక్కారం కింద కోతికి నోటీసు ఇవ్వలేదా?

సిగ్నల్_సుబ్బారావు
వాయిదా పడుంటుంది.

కోనసీమ_కొబ్బరి
😂 కోతి సంగతి చెప్పగానే పాప ఫోన్ పక్కన పెట్టి "జూమ్ లెన్స్ కావాలి" అంది. ఖర్చు పెరిగింది.

ఇంతకీ కాలా ఘోడా అంటారు, గుర్రం ఉందా అక్కడ?

మూసీ_ఒడ్డు
ఉంది, కొత్తది. పాతది ఎడ్వర్డ్ ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌గా ఉన్నప్పటి విగ్రహం, గుర్రమ్మీద. 1965లో అక్కడి నుంచి తీసేసి బైకుల్లా జూకి పంపిన్రు. యాభై ఏళ్ళు గుర్రం లేకుండనే ఆ పేరు నడిచింది. 2017లో మళ్ళా ఒక నల్ల గుర్రం పెట్టిన్రు, ఈసారి పైన ఎవరూ లేరు.

నిజం_నిష్ఠూరం
నాకు నచ్చిన ఒకే ఒక్క విగ్రహం అది.

బన్_మస్కా_భక్తుడు
ఇంతసేపు ఓపిక పట్టాను. ఇక తిండి.

పొద్దున వీటీలో దిగితే ఎదురుగా ఆరామ్‌లో వడాపావ్. 1939 నుంచి ఉన్న హోటలు, అమ్మగారు నిక్షేపంగా కూర్చుని తినొచ్చు. పూరీలు కావాలంటే అక్కడికి దగ్గర్లోనే పంచమ్ పూరీవాలా, ఆర్భాటం ఏమీ ఉండదు, పూరీలు మాత్రం పొంగి వస్తాయి. మెట్రో సినిమా ఎదురుగా కయానీ, 1904 నాటి ఇరానీ హోటలు. అక్కడ బన్ మస్కా (వెన్న రాసిన బన్ను), మావా (కోవా) కేకు, చాయ్. పాలరాయి టేబుళ్ళు, వంపు తిరిగిన చెక్క కుర్చీలు. చాయ్‌లో బన్ ముంచి తినడం తెలియని టూరిస్టుని వెయిటరు జాలిగా చూస్తాడు.

నాన్‌వెజ్ తినేవాళ్ళైతే మధ్యాహ్నం బల్లార్డ్ ఎస్టేట్‌లో బ్రిటానియా, బెర్రీ పులావ్. అది మధ్యాహ్న భోజనానికే ఉంటుంది, రాత్రికి ఉండదు. తిన్నాక ఆ బల్లార్డ్ ఎస్టేట్ వీధులు కూడా చూడండి. గేట్‌వే ఆఫ్ ఇండియా కట్టిన జార్జ్ విట్టెట్ ప్లాన్ చేసినవే, అన్నీ ఒకే ఎత్తు, ఒకే ధోరణి. ఎండ తగ్గాక చర్చ్‌గేట్‌లో కె. రుస్తుం, రెండు వేఫర్ బిస్కెట్ల మధ్య ఐస్‌క్రీమ్ దిమ్మ. జనవరిలో కూడా కారిపోతుంది, తొందరగా తినాలి.

మూసీ_ఒడ్డు
ఇరానీ చాయ్ కోసం హైదరాబాదోళ్ళని ముంబై పంపుతున్నవా?

బన్_మస్కా_భక్తుడు
మీది వేరు, ఇది వేరు. అక్కడ చాయ్ చిక్కగా ఉంటుంది, ఇక్కడ బన్ మెత్తగా ఉంటుంది. ఉస్మానియా బిస్కెట్ జేబులో వేసుకుని రండి, గొడవే ఉండదు.

కోనసీమ_కొబ్బరి
మేం కోనసీమవాళ్ళం, రెండూ మాకు కొత్తే. పులసలు దొరుకుతాయా?

వర్లీ_వనిత
జనవరిలో కోనసీమలోనే దొరకవు కదా 😄 అమ్మగారికి అన్నం కావాలంటే చర్చ్‌గేట్ సామ్రాట్‌లో గుజరాతీ థాలీ. పప్పు తియ్యగా ఉంటుంది, ముందే చెప్పండి. ఆవకాయ సీసా సంచిలో పెట్టుకోవడం మీ ఇష్టం.

చీపురుపల్లి_చిన్నోడు
దాదర్ నుంచి ఫోర్ట్‌కి ఎలా? ఆటోలోనా?

వర్లీ_వనిత
ఆటోలు దక్షిణ ముంబైలోకి రావు, బాంద్రా, సయన్ దగ్గరే ఆగిపోతాయి. దాదర్‌లో కూడా ఉండవు. టాక్సీ లేదా లోకల్. ఆదివారం పొద్దున లోకల్లో కూర్చునే వెళ్ళొచ్చు, సెంట్రల్ లైన్ ఎక్కితే సీఎస్ఎంటీ. ఇప్పుడు అండర్‌గ్రౌండ్ మెట్రో కూడా ఉంది, ఆక్వా లైన్. 2025 అక్టోబరు నుంచి కఫ్ పరేడ్ దాకా నడుస్తోంది. దాదర్‌లో స్టేషన్ ఉంది, హుతాత్మా చౌక్‌లో దిగితే ఫ్లోరా ఫౌంటెన్ పక్కనే తేలతారు. లిఫ్టులున్నాయి, అమ్మగారికి అదే సుఖం. మెయిన్ రోడ్లలో తిరగడానికి కరెంటు డబుల్ డెక్కర్ 115 నంబరు, సీఎస్ఎంటీ నుంచి నారిమన్ పాయింట్‌లోని ఎన్‌సీపీఏ నాటకశాల దాకా. పై అంతస్తు ముందు సీటు దొరికితే పాపకి పండగ.

సిగ్నల్_సుబ్బారావు
పాత ఎర్ర డబుల్ డెక్కర్లు 2023లో ఆపేశారు కదా. ఆ కిటికీలోంచి వచ్చే గాలి ఈ ఏసీ బస్సులో లేదు. అమ్మగారికి మాత్రం ఏసీయే మంచిది, అది ఒప్పుకుంటా.

బస్సైతే మెట్లు దిగేటప్పుడు రెయిలింగు వదలొద్దని చెప్పండి. మెట్రోలో హుతాత్మా చౌక్ దగ్గర దిగినప్పుడు నాన్నగారికి అక్కడి అమరవీరుల స్మారకం చూపించండి. మరాఠీవాళ్ళకు ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగిన సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో పోలీసు కాల్పుల్లో పోయినవాళ్ళది. ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు గారు పోయిన నాలుగైదేళ్ళలోపే ఇదీ జరిగింది. సోషల్ మాస్టారు కాబట్టి రెండూ కలిపి పాపకి పాఠం చెప్పేస్తారు. 1864 నాటి రోమన్ దేవత ఫౌంటెనూ ఈ స్మారకమూ పక్కపక్కనే ఉంటాయి.

పెళ్ళిపందిరి
మ్యూజియం మర్చిపోయారు అందరూ. ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయ, పాత ప్రిన్స్ ఆఫ్ వేల్స్. సోమవారం కూడా తెరిచే ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో రెండు మూడు గంటలు అక్కడ గడిపేయండి. బాత్రూమ్‌లు శుభ్రం, తోట ఉంది, లిఫ్ట్ ఉంది. పెద్దవాళ్ళతో వెళ్ళినప్పుడు బాత్రూమ్ ఎక్కడుందో తెలియడమే అసలు హెరిటేజ్. పక్కనే జెహంగీర్ ఆర్ట్ గ్యాలరీ, టికెట్ లేదు.

నిజం_నిష్ఠూరం
చివరికి గేట్‌వే కూడా చూస్తారుగా? 1948 ఫిబ్రవరి 28న ఆఖరి బ్రిటిష్ పటాలం ఆ కమాను కిందుగానే ఓడెక్కి వెళ్ళిపోయింది. నాకు ఆ ఏరియాలో నచ్చిన రెండోది అదే.

కోనసీమ_కొబ్బరి
ఇవన్నీ ప్రింటు తీసి నాన్నకిచ్చా. ఎర్ర పెన్నుతో అండర్‌లైన్లు మొదలయ్యాయి. ఆయన ప్రశ్న ఒకటి: "అమెరికా యుద్ధం 1865లో ఆగిపోగానే పత్తి ధర పడి, బొంబాయిలో షేర్లన్నీ కుప్పకూలి, ప్రేమ్‌చంద్ కూడా మునిగిపోయాడు కదా. టవర్ పని మొదలైంది 1869లో అని ఎక్కడో చదివాను. మరి డబ్బెక్కడిది?"

ప్లాన్_శాంక్షన్
మాస్టారికి దండం. డబ్బు 1864లోనే యూనివర్సిటీకి ఇచ్చేశాడు, లైబ్రరీకి రెండు లక్షలు, టవర్‌కి ఇంకో రెండు లక్షలు. క్రాష్ వచ్చేనాటికి అది ఆయన చేతిలో లేదు. టవర్ 1878లో పూర్తయింది. అప్పటికి ఆయన మళ్ళీ కోలుకున్నాడు కూడా. టవర్ పైకి మాత్రం ఎక్కనివ్వరు, యూనివర్సిటీ గేటు దగ్గర కూడా ఒక్కోసారి లోపలికి పంపరు. ఓవల్ వైపు నుంచి చూస్తేనే పూర్తిగా కనిపిస్తుంది.

కోనసీమ_కొబ్బరి
చెప్పాను. "ఇంకా ఉన్నాయి ప్రశ్నలు" అంటున్నారు, నేను పడుకుంటున్నా. చివరగా, సోమవారం రాత్రి రైలు దాకా సామాన్లు ఎక్కడ పెట్టాలి? దాదర్ వెళ్ళి తెచ్చుకోవడం కష్టం.

సిగ్నల్_సుబ్బారావు
సీఎస్ఎంటీలో క్లోక్ రూమ్ ఉంది. సోమవారం పొద్దున్నే అక్కడ పడేయండి. పెట్టెలకి తాళాలు వేసి ఉండాలి, లేకపోతే తీసుకోరు. టికెట్టు, ఐడీ దగ్గర పెట్టుకోండి. రైలు టైముకి గంటన్నర ముందే వచ్చేయండి, ఎందుకంటే రాత్రి ఆ బిల్డింగుకి లైట్లు వేస్తారు, మాస్టారు ప్లాట్‌ఫారం మీదికి అంత తేలిగ్గా రారు.

వర్లీ_వనిత
ఆవకాయ సీసా క్లోక్ రూమ్‌లో పెట్టకండి.